ఏటా ప్లంబరును పిలవాలా?

ఏసీకి ఏటా సర్వీసింగ్ చేయిస్తాం. బైకుకు చేయిస్తాం, తాగునీటి ఫిల్టరుకు చేయిస్తాం. ఇంటి పైపుల జోలికి మాత్రం నీళ్లు కారేదాకా వెళ్లం. ఈమధ్య నగరాల్లో ప్లంబింగుకు కూడా వార్షిక ఒప్పందాలు అమ్ముతున్నారు. ఏడాదికోసారి మనిషి వచ్చి కుళాయి నుంచి డ్రైనేజీ దాకా అన్నీ చూసి వెళ్తాడట. డబ్బు కట్టాలా, వద్దా? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు విమానాల మరమ్మతు చరిత్రలో దొరుకుతుంది.

1978లో అమెరికా రక్షణ శాఖ కోసం యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సంస్థకు చెందిన స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ ఒక నివేదిక రాశారు. విమానాల్లోని భాగాలు ఏ వయసులో పాడవుతున్నాయో లెక్క తీస్తే, పాతబడే కొద్దీ పాడయ్యే అవకాశం పెరిగేవి 11 శాతమే తేలాయి. 68 శాతం భాగాలకు గండం బిగించిన కొత్తలోనే. అది గడిచాక వాటికి వయసుతో పని లేదు. ఇన్ని నెలలకోసారి విప్పి చూడాలి, మార్చాలి అన్న పాత పద్ధతి చాలా భాగాలకు అక్కరలేదని దీంతో తెలిసింది. అనవసరంగా విప్పి బిగించడమే కొత్త లోపాలకు దారి తీస్తుందని కూడా తెలిసింది.

ఆ నివేదిక నుంచి ఇంటికి తెచ్చుకోదగ్గ ప్రశ్నలు మూడు. ఈ వస్తువు పాడయ్యే ముందు ఏదైనా గుర్తు చూపిస్తుందా? గుర్తు కనబడ్డాక పూర్తిగా పాడవడానికి ఎంత కాలం పడుతుంది? ఆ గుర్తు మన కంటికే కనిపిస్తుందా, లేక పనిముట్లున్న మనిషి రావాలా? గుర్తు చూపించని వస్తువును ఏటా చూసినా లాభం లేదు. గుర్తు నెల రోజుల ముందు మాత్రమే వచ్చేదైతే ఏడాదికోసారి వచ్చే తనిఖీకి అది దొరకదు, ఇంట్లో ఉండే మనకే దొరుకుతుంది.

మన ఇళ్ల ఏర్పాటు కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. చలిదేశాల్లో పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పైపు పగులుతుంది. అక్కడి తనిఖీ సలహాలు చాలావరకు ఆ భయం చుట్టూ తిరుగుతాయి. మనకు సంపులోంచి మోటారు మేడమీది ట్యాంకుకు ఎక్కిస్తే, అక్కడి నుంచి నీళ్లు తమ బరువుతోనే కిందికి దిగుతాయి. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. రెండంతస్తుల ఇంట్లో కింది కుళాయి దగ్గర అంతకు మించి ఉండదు. అందుకే మన దగ్గర పైపు ఢామ్మని పగలడం తక్కువ, చెమ్మగా ఊరడం ఎక్కువ. ఊరడం నిదానంగా సాగే వ్యవహారం. కనిపెట్టడానికి మనకు వ్యవధి ఉంటుంది.

ఇంటర్నెట్‌లో చెప్పే మీటరు పరీక్ష కూడా మనకు పనిచేయదు. కుళాయిలన్నీ కట్టేసి మీటరు తిరుగుతోందేమో చూడమంటారు. మన మీటరు సంపుకు ముందే ఉంటుంది కాబట్టి, ట్యాంకు తర్వాత జరిగే నష్టం దానికి తెలియదు. మనకు పనికొచ్చేది ట్యాంకు పరీక్ష. రాత్రి అందరూ పడుకునే ముందు మోటారు ఆపి, ఫ్లష్ ట్యాంకుల యాంగిల్ కాక్‌లు కట్టేయండి. ట్యాంకులో పొడవాటి పొడి కర్ర నిలువుగా అడుగుదాకా దించి, తడి ఎంతవరకు పట్టిందో గీత పెట్టండి. తెల్లవారి ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ దించండి. వెయ్యి లీటర్ల ట్యాంకు అడ్డకొలత 1.1 మీటర్లుంటే, నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగినా తొమ్మిదిన్నర లీటర్లు పోయినట్టు. ఎనిమిది గంటల్లో అంత పోతే ఏడాదికి పది వేల లీటర్ల పైమాటే. గీత కదలకపోతే ట్యాంకు నుంచి కుళాయిల దాకా మీ పైపులు బాగున్నాయి. ఈ సంగతి చెప్పడానికి ఎవరికీ డబ్బు కట్టక్కరలేదు.

ఫ్లష్‌కు వేరే పరీక్ష ఉంది. ఫ్లష్ ట్యాంకులో బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు వేసి అరగంట ఆగండి. ఫ్లష్ చేయకుండానే కింద కమోడులో నీలిరంగు కనిపిస్తే లోపలి వాషర్ అరిగినట్టే. వాడని బాత్రూములో కంపు కొడుతుంటే ముందు నేల జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో చెంబెడు నీళ్లు పోయండి. మురుగు వాయువులను అడ్డుకునేది అందులో నిలిచే రెండంగుళాల నీరే, ఎండాకాలంలో అది ఇట్టే ఆవిరైపోతుంది. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఏడాదంతా తాళం పడే ఇళ్లలో ఈ కంపును డ్రైనేజీ లోపమని పొరబడుతుంటారు.

గోడమీది చెమ్మను చదవడం నేర్చుకుంటే సగం తనిఖీ అయినట్టే. వానాకాలంలో కనిపించి ఎండాకాలంలో ఆరిపోతే అది పైకప్పు లేదా బయటి గోడ సమస్య. స్నానాలయ్యాక పెరిగి, నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి తగ్గితే బాత్రూము పలకల సందులను అనుమానించాలి. ఏ కాలమైనా, ఎవరూ స్నానం చేయకపోయినా అలాగే ఉంటే అది నీళ్ల పైపు. దీన్ని మాత్రం వాయిదా వేయకూడదు. చెమ్మ స్లాబులోని ఇనుముకు చేరితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలినుంచి నెట్టి పెచ్చులూడగొడుతుంది.

అయితే మన కంటికి గుర్తు చూపించనివి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది గీజరు. దాని ఉక్కు తొట్టి లోపల సాధారణంగా మెగ్నీషియం కడ్డీ ఒకటి వేలాడుతుంటుంది. నీరు ముందు ఆ లోహాన్ని తింటుంది, ఉక్కు బతుకుతుంది. 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగును కాపాడటానికి జింకు, ఇనుప ముక్కలను బలిపెట్టిన సూత్రమే ఇది. కడ్డీ కరిగిపోయిన రోజు బయట ఏమీ తెలియదు, నీళ్లు ఎప్పటిలాగే వేడెక్కుతాయి. ఆ రోజు నుంచి తుప్పు తొట్టిమీద పడుతుంది. బోరునీళ్ల ఇళ్లలో దీనికి తోడు సున్నపు పొర చేరుతుంది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి కార్బొనేటుగా మారి హీటింగ్ ఎలిమెంట్‌కు పట్టేస్తుంది. వేడి నీళ్లలోకి దిగక ఎలిమెంట్ కాలుతుంది. దాని తొడుగు పగిలితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఆమోదించే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకనప్పుడు గరిష్ఠంగా 600. మన బోర్లలో చాలావాటి నీళ్లు మొదటి గీత దాటే ఉంటాయి.

గీజరుకు సేఫ్టీ వాల్వ్ కూడా ఉంటుంది. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 75కు వేడిచేస్తే దాదాపు మూడో వంతు లీటరు పెరుగుతాయి. పైకి వెళ్లే దారి లేనప్పుడు అలా పెరిగిన నీటి ఒత్తిడి పోయేది ఈ వాల్వ్ గుండానే. సున్నం పట్టి అది బిగుసుకుపోయిందో లేదో బయటినుంచి చూసి చెప్పలేం. బోరునీళ్లయితే గీజరును ఏటా, నది నీళ్లయితే రెండేళ్లకోసారి తెలిసిన మనిషితో విప్పించి కడ్డీ, ఎలిమెంట్, వాల్వ్, ఎర్తింగ్ చూపించాలన్నది నా అభిప్రాయం. మెయిన్ బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉంటే దాని టెస్ట్ బటన్ నెలకోసారి మీరే నొక్కి చూడండి.

బిగించిన కొత్తలోనే గండం అన్న మాట ఇంటి పైపులకు అచ్చంగా వర్తిస్తుంది. గమ్ము సరిగా పట్టని సీపీవీసీ జాయింటు, వడ్రంగి మేకు దిగిన కన్సీల్డ్ పైపు, వంకరగా బిగించిన యూనియన్, ఇవన్నీ మొదటి రోజు నుంచే ఉన్న లోపాలు. కనుక నిపుణుడి మీద పెట్టే డబ్బు పలకలు వేయకముందు పెట్టండి. గోడలో పైపులు బిగించాక చేతిపంపుతో వాడుక ఒత్తిడికి ఎన్నో రెట్లు ఎక్కించి, గేజి ముల్లు కనీసం గంటసేపు కదలకుండా నిలబడిందేమో మీ కళ్లముందే చూపించమనండి. మేస్త్రీ తొందరపెట్టినా ఒప్పుకోకండి. ఆ తర్వాత దొరికే ప్రతి లోపానికీ పలకలు పగలగొట్టాల్సిందే.

వయసుతో చెడే 11 శాతం లాంటివీ ఇంట్లో ఉన్నాయి. పాతికేళ్లు దాటిన ఇళ్లలోని జీఐ పైపులకు జింకు పూత పోయి లోపల తుప్పు గడ్డలు కడుతుంది. పొద్దున్నే మొదటి నీళ్లు ఎర్రగా రావడం, ఏడాదికేడాది ధార సన్నబడటం దాని గుర్తులు. అవి కనిపిస్తే ప్లంబరుతో మొత్తం చూపించి పైపులు మార్చే లెక్క వేసుకోవాలి. గీజరుకు, సింకుకు ఉండే అల్లిక కనెక్షన్ పైపుల లోపల రబ్బరే ఉంటుంది. అల్లికమీద తుప్పు మచ్చ కనబడితే ఆ రోజే మార్చేయండి, ఊరెళ్లేటప్పుడు ట్యాంకు గేట్ వాల్వ్ కట్టేయండి.

అపార్టుమెంట్ల సంగతి వేరు. షాఫ్టులోని పైపులు, మోటారు దగ్గర నీళ్లు వెనక్కి రాకుండా ఆపే ఎన్ఆర్‌వీ వాల్వ్, సంపు అందరివీ కనుక ఎవరూ చూడరు. అక్కడ ఏటా వృత్తి తనిఖీ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలపడం న్యాయం. సంపును ముఖ్యంగా చూడాలి. మోటారు ఆపి, నల్లా కట్టేసినా రాత్రికి రాత్రి మట్టం పెరిగితే, పగుళ్లలోంచి బయటి నీరు వస్తోందన్నమాట. డ్రైనేజీ పక్కనే ఉంటే ఆ నీరు మురుగే కావచ్చు.

సొంతిల్లున్నవారు సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి లారీతో తోడించాలి, పొంగేదాకా ఆగకూడదు. ఆ పనికి ఎవరు వచ్చినా, ఎంత తక్కువ అడిగినా, మనిషిని లోపలికి దింపనివ్వకండి. రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. లోపల పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైనప్పుడు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది, లోపలివాడికి ప్రమాదం తెలియదు. చాన్నాళ్లు మూసి ఉన్న సంపులో కూడా ప్రాణవాయువు తగ్గి ఉండవచ్చు. ఎవరైనా లోపల పడిపోతే కాపాడాలని వెంటనే దూకకండి, పైనుంచే కేకలు వేసి 101కి ఫోన్ చేయండి.