పలువరుస సరే.. చిగురు మాటేమిటి?

ఎత్తుపళ్లు, వంకర పళ్లు సరిచేసేందుకు క్లిప్పులు వేయించడం పల్లెలకూ కొత్త కాదు. పెళ్లీడుకొచ్చిన పిల్లల విషయంలో తల్లిదండ్రుల తొందర మరీ ఎక్కువ. వరుస చక్కబడితే చాలనుకుంటారే గానీ, పళ్లను మోసే చిగురు, ఎముక ఆ కదలికను తట్టుకోగలవా అని అడిగేవారు అరుదు.

పన్ను ఎముకలో మేకు దిగ్గొట్టినట్టు ఉండదు. వేరుకు, ఎముకకు నడుమ సన్నని నార పొర ఉంటుంది. తీగ నెట్టిన వైపు ఎముక కరుగుతుంది, వెనుక కొత్త ఎముక పుడుతుంది. సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లు పట్టేది ఇందుకే. అయితే కింది ముందు పళ్లకు పెదవి వైపున ఉన్న ఎముక చాలామందిలో మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అలాంటి చోట పళ్లను ముందుకు నెడితే వేరు ఎముక గోడను దాటిపోతుంది. చిగురు కూడా పలుచనిదైతే కిందికి జారి వేరు బయటపడుతుంది. చన్నీళ్లు తగిలితే జివ్వుమనే బాధ అక్కడ మొదలవుతుంది. జారిన చిగురు దానంతట అది తిరిగి పైకి రాదు.

ఈ ముప్పు ఉన్నవారికి చిన్న శస్త్రచికిత్సతో ముందుగానే పునాది బలపరచవచ్చు. చిగురు ఒక్కటే పలుచగా ఉంటే అంగిలి నుంచి కొంత కణజాలం తీసి అక్కడ అతికిస్తారు. ఎముక కూడా చాలకపోతే చిగురును పొరలా లేపి, ఎముక పైపొరపై సన్నని గాట్లు పెట్టి, ఎముక పొడి పరచి కుట్లు వేస్తారు. మత్తు ఆ భాగానికి ఇస్తే సరిపోతుంది.

గాట్ల పద్ధతిని 1959లోనే హైన్రిచ్ కోలే వివరించారు. ఎముక ముక్క పన్నుతో పాటే కదులుతుందని అప్పట్లో భావించారు. 2001లో అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన విల్కో సోదరులు దీనికి వేరే వివరణ ఇచ్చారు. వీరిలో ఒకరు చిగుళ్ల వైద్యుడు, మరొకరు క్లిప్పుల వైద్యుడు. గాయపడిన ఎముక కొన్ని నెలలు ఖనిజాలు కోల్పోయి మెత్తబడుతుందని, పళ్లు త్వరగా కదలడానికి అదే కారణమని వారు తెలిపారు. గాట్లకు ఎముక పొడిని జోడించిందీ వారే. మెత్తదనం తగ్గేలోగా పని సాగాలి కనుక రెండు వారాలకోసారి తీగ బిగిస్తారు.

ఈ వేగాన్నే చూపి రోగులను ఆకర్షించే ధోరణి ఉంది. నిజానికి అసలు లాభం వేగం కాదు, వేరుకు దక్కే ఎముక. దీనివల్ల మేలు కలగవచ్చని అమెరికా చిగుళ్ల వైద్యుల అకాడమీ 2020లో పేర్కొంది. అయితే అధ్యయనాలు పరిమితమేనని కూడా చెప్పింది. క్లిప్పులు వేసుకునే అందరికీ ఇది అక్కరలేదు.

చిగుళ్ల నుంచి రక్తం, చీము కారుతుంటే ముందు ఆ జబ్బు నయం కావాలి. మధుమేహం అదుపులో లేనివారు, పొగతాగేవారు, ఎముక గుల్లబారకుండా బిస్‌ఫాస్ఫొనేట్ మందులు వాడేవారు, దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు తీసుకునేవారు ఆ సంగతి వైద్యునికి దాచరాదు. ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులు వాపు మామూలే. అలాగని మందుల షాపులో తోచిన నొప్పి మాత్ర కొనరాదు. ఐబుప్రొఫెన్ వంటివి ఎముకలో జరగాల్సిన మార్పును మందగింపజేసే అవకాశం ఉంది.

మామూలు ఎక్స్‌రేలో పెదవి వైపు ఎముక మందం తెలియదు. అనుమానం ఉంటే సీబీసీటీ స్కాన్ తీస్తారు. హైదరాబాద్, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో చిగుళ్ల విభాగం, క్లిప్పుల విభాగం రెండూ ఉన్నాయి. తీగ కట్టించుకోకముందే ఇద్దరు వైద్యులకూ చూపించుకోవాలి.