చాపకూ చాపకూ మధ్య

"సత్రం భోజనం, మఠం నిద్ర" అని మనవాళ్లు నవ్వుతూ అనే మాట ఒకటి వుంది. యిల్లూ వాకిలీ లేక తిరిగే మనిషిని గురించి వేళాకోళంగా అంటారు గాని, ఆ మాటలో కొంత ధైర్యం కూడా లేకపోలేదు. ఏమీ లేనివాడికి కూడా పిడికెడన్నం పెట్టే సత్రం ఒకటి, నడుం వాల్చే చోటు ఒకటి ఎక్కడో వున్నాయన్న ధైర్యం అది. అసలు సత్రమనే మాటే యజ్ఞంలో పుట్టింది. అనేకమంది కలిసి రోజుల తరబడి చేసే యాగాన్ని సంస్కృతంలో సత్రమన్నారు. తరవాత అన్నం పెట్టి నీడనిచ్చే యింటికి ఆ పేరు వచ్చింది. పదిమందినీ ఒకచోట చేర్చడమే దాని పుణ్యం.

ఆ పుణ్యమే ప్రమాదంగా మారిన రోజులు 2020లో వచ్చాయి. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. అదే నెల 25 నుంచి మన దేశంలో లాక్‌డౌన్. యింట్లోనే వుండండని రేడియో చెప్పింది, టెలివిజన్ చెప్పింది, ఆఖరికి ఫోను ఎత్తినా అదే మాట వినిపించింది. మంచి సలహాయే. కాని యిల్లు లేనివాడు ఏ యింట్లో వుండాలి? 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో అలాంటివారు 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. వారికి తోడు పనులు పోయి దారిలో చిక్కుకున్న వలస కూలీలు. ఆ మార్చి నెలాఖరుకు సుమారు 21 వేల శిబిరాల్లో 6 లక్షల 60 వేల మందికి పైగా ఆశ్రయం యిచ్చామని కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది.

మా వూళ్లో ఒక బడిని అలాగే శిబిరం చేశారు. పేర్లు రాసిపెట్టడానికి మనుషులు కావాలంటే నేనూ నాలుగు రోజులు వెళ్లాను. రిజిస్టరులో చిరునామా అనే గడి ఒకటుంది. "రైలుస్టేషను", "మార్కెట్టు అరుగు" అని నింపుకుంటూ పోయాను. ఒక ముసలి రిక్షా మనిషి పేరైతే చెప్పాడు గాని, లోపలికి రానన్నాడు.

"ఎందుకు తాతా? లోపల ఫ్యానుంది. వేళకు అన్నం పెడతారు" అన్నాను.

"అన్నం తింటాను మేష్టారూ. పడక మాత్రం ఆ వేపచెట్టు కిందే. నలభైమంది వూపిరీ ఒక్క గదిలోనాయె! ఎవడికేముందో మీకు తెలుసా, నాకు తెలుసా?"

గుమ్మం దగ్గర ఒక కుర్రాడు నుదుటికి ఎదురుగా పెట్టి జ్వరం చూసే యంత్రం పట్టుకుని నిలబడ్డాడు. ఆ తాత ప్రశ్నకు మా అందరి దగ్గరా వున్న జవాబు ఆ యంత్రం ఒక్కటే.

ఆ జవాబు ఏపాటిదో సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలోని బోస్టన్‌లో తేలింది. అక్కడ నిరాశ్రయులుండే ఒక పెద్ద వసతి గృహంలో కొద్దిమందికి జబ్బు కనిపించగానే, ఏప్రిల్ మొదటివారంలో వైద్యులు జ్వరం వున్నదా లేదా అని చూడకుండా అందరికీ పరీక్ష చేశారు. 408 మందిలో 147 మందికి వ్యాధి సోకింది. వారిలో నూటికి దాదాపు 88 మందికి ఏ లక్షణమూ లేదు. జ్వరమైతే నూటికి ఒక్కరికైనా లేదు. అంటే గుమ్మంలో యంత్రం పట్టుకుని ఎవరు నిలబడినా, వీరినందరినీ "రండి రండి" అని లోపలికి పంపేవాడే గదా! శాన్‌ఫ్రాన్సిస్కోలో మరో వసతి గృహంలో నూటికి 66 మందికి సోకింది. అప్పటికి జబ్బు బయటపడని అట్లాంటాలో మాత్రం నూటికి నలుగురే.

దీనికి కారణం అక్కడ తల దాచుకున్న మనుషులు కారు, ఆ గది. రైలు బెర్తుల్లాంటి రెండంతస్తుల మంచాలు, అందరికీ కలిపి ఒకటో రెండో స్నానాల గదులు, చలికి మూసిన కిటికీలు. మన దగ్గరైతే వున్న గాలినే తిప్పి తిప్పి విసిరే ఫ్యాను. బజారులో ఎదురుపడ్డ మనిషి నిమిషంలో దాటిపోతాడు. పక్క చాప మీద మనిషి రాత్రంతా మన ముఖం మీదే వూపిరి వదులుతాడు. పైగా యిలాంటి చోటికి వచ్చేవారిలో వయసు మళ్లినవారూ, తిండిలేక చిక్కినవారూ, ముందే రొమ్ముజబ్బు వున్నవారూ ఎక్కువ. క్షయ యిలాంటి గదుల్లో తేలికగా పాకుతుందని వైద్యులకు ఏనాటినుంచో తెలుసు.

మరి వుపాయం? పడకల మధ్య ఆరడుగులు వదలమన్నారు. ఒకరి తల వున్న వైపు పక్కవారి కాళ్లు వుండేలా పడుకోబెట్టమన్నారు. ఎదుటివారి తలవైపు కాళ్లు చాపడం మనలో తప్పు. అంటురోగం నాడు మాత్రం అదే మర్యాద. అయితే అసలు చిక్కు లెక్కలో వుంది. వందమంది పడుకునే హాల్లో ఆరడుగులు వదిలితే సగంమంది బయటికి పోవాలి. ఎక్కడికి పోతారు? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ చిక్కుముడిని యింగ్లండులో విప్పిన తీరు చెప్పుకోదగింది. ప్రయాణాలు ఆగిపోయి హోటళ్లు ఖాళీగా పడివున్నాయి. వీధుల్లో పడుకునేవారినీ, కిక్కిరిసిన వసతి గృహాల్లో వున్నవారినీ వేరు గదుల్లోకి చేర్చమని 2020 మార్చి 26న ప్రభుత్వం పురపాలకులకు చెప్పింది. మే నెలకు దాదాపు 15 వేల మందికి అలా చోటు దొరికింది. ఈ జాగ్రత్తలవల్ల మొదటి విడతలో 266 మరణాలూ, 21 వేల అంటులూ తప్పాయని పరిశోధకులు లెక్కకట్టారు. అంచనాయే అనుకోండి. కాని అందులో కొత్త మందేదీ లేదు. మూసుకోవడానికి ఒక తలుపు, సొంతానికి ఒక స్నానాల గది, అంతే!

అంత భాగ్యం మనకెక్కడిదంటారా? మన కాగితాల్లోనూ మంచి మాట ఒకటుంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకంలో, లక్ష జనాభాకు వందమంది వుండగల వసతి గృహం ఒకటి చొప్పున కట్టాలనీ, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు వుండాలనీ రాశారు. అంటే ఏడడుగుల పొడవూ ఏడడుగుల వెడల్పూ వున్న చోటు. ఆ ప్రకారం చాపలు పరిస్తే కోవిడ్ నాటి ఆరడుగుల దూరం దాదాపు దానంతటదే సమకూరుతుంది. మనిషి మనిషిలా పడుకోవడానికి పెట్టిన కొలతే రోగాన్నీ ఆపుతుందన్నమాట.

యిది ఎప్పుడో వందేళ్లకొకసారి వచ్చే అవసరం కాదు. 1977 దివిసీమ వుప్పెన తరవాత మన తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. గాలివాన వచ్చిన ప్రతిసారీ బడులూ, కల్యాణ మండపాలూ తెరుస్తూనే వున్నాం. పులిహోర పొట్లాలు పట్టుకుని మనమూ వెళ్తూనే వున్నాం. వెళ్లినప్పుడు మరో నాలుగు సంగతులు కూడా అడుగుదాం. గాలివాన తగ్గాకనైనా కిటికీలు తెరిచారా? చాపకూ చాపకూ మధ్య ఎన్ని అడుగులుంది? దగ్గేవారికి వేరే గది వుందా? చోటు చాలకపోతే పక్క బడి తాళం ఎవరి దగ్గర వుంది? ఆ తాళం తెప్పించడం కూడా అన్నదానమంత పుణ్యమే.