విరిగిన ఉక్కును ఇత్తడి ఎలా అతుకుతుంది?

మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా పాతకాలపు బుల్లెట్ మోటారు సైకిలు ఉందా? మద్రాస్ మోటార్స్ వారు 1955లో ఇంగ్లండుకు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి మద్రాసులో తయారీ మొదలుపెట్టాక మన రోడ్లమీద స్థిరపడిన బండి అది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే మైసూరు నుంచి జావా బండ్లు వచ్చాయి. ఇంత పాత బండికి ఇంజను చెడిపోతే ఏమవుతుంది? ఆగిపోతుంది, అంతే. కాని హ్యాండిల్ తిరిగే చోట ఫ్రేము విరిగిందనుకోండి, ముందు చక్రం ఒక దారి, మనిషి ఒక దారి!

విజయవాడలో పటమట దాటితే ఆటోనగర్ వస్తుంది. లారీలకు బాడీలు కట్టడంలో పేరుపొందిన చోటు. గ్యాసు వెల్డింగు, లాథు పని, టింకరింగు ఏది కావాలన్నా అక్కడ దొరుకుతుంది. పగిలిన ఫ్రేమును అక్కడికి తీసుకుపోతే పనితెలిసిన మేస్త్రీ ముందుగా మంట వెలిగించడు. పగులు ఎక్కడిదాకా పోయిందో వెతుకుతాడు.

ఎలాగంటారా? రంగు గీకి, ఆ చోట కిరసనాయిలు పూసి, కొంతసేపాగి శుభ్రంగా తుడుస్తారు. పైన సుద్దపొడి రాస్తారు. పగుల్లో దాగిన నూనె బయటికి ఊరి, తెల్లటి సుద్దమీద సన్నని గీత కనిపిస్తుంది. ఇది మీరు ఇంట్లో పగిలిన పింగాణీ కప్పుతో చేసి చూడవచ్చు.

ఉక్కు గొట్టం అసలెందుకు పగులుతుంది? ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగుతుంది కదా! గతుకుల రోడ్డు ఫ్రేమును లక్షలసార్లు, కంటికి కనిపించనంత కొద్దిగా వంచుతుంది. దీనిని లోహపు అలసట అంటారు. 1842లో ఫ్రాన్సులో వెర్సేయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు ఇలాగే విరిగి ఘోర ప్రమాదం జరిగింది. తరువాత జర్మనీ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులమీద ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. పగులు కొస సూదిమొనలా ఉంటే బలమంతా అక్కడే గుమికూడుతుంది. అందుకే ఆ కొసన చిన్న రంధ్రం తొలుస్తారు. గుండ్రని అంచు దగ్గర బలం చెదిరి, పగులు ముందుకు సాగడం కష్టమవుతుంది. ఇది ఆపడమే, బాగుచేయడం కాదు.

ఇక అతకడం. పాత ఫ్రేములలో చాలావాటికి గొట్టం కొసను 'లగ్గు' అనే ఇనుప తొడుగులో దూర్చి ఇత్తడితో అతికేవారు. ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు కావాలి. ఇత్తడికి 900 డిగ్రీలు చాలు. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిసిన మంట వేడి 3,000 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మేస్త్రీ చెయ్యి ఒకేచోట నిలవకూడదు. ఉక్కు ఎర్రబడగానే వెలిగారం చల్లుతారు. అది కరిగి తుప్పు పొరను తినేసి, గాలి తగలకుండా కప్పుతుంది. అప్పుడు ఇత్తడి కడ్డీని తాకిస్తే చూడాలి తమాషా! కరిగిన ఇత్తడి తలవెంట్రుకంత సందులోకి, పైకి కూడా, తనంతట తానే పాకిపోతుంది. దీపం వత్తిలో నూనె ఎక్కేదీ ఈ కేశనాళికా ధర్మం వల్లనే. సందు వెడల్పుగా ఉంటే ఇత్తడి ఎక్కదు, కారిపోతుంది. అందుచేత సగం పని ఆకురాయిదే.

ఇత్తడి పాత అతుకుమీద తొందరపడి కరెంటు వెల్డింగు చేస్తే కొంప మునుగుతుంది. ఆ వేడికి కరిగిన ఇత్తడి ఉక్కు రేణువుల మధ్యకు చొరబడి కొత్త పగుళ్లు తెస్తుంది. పైకి మాత్రం అతుకు నునుపుగా, అందంగా కనిపిస్తుంది! ఇలాంటి పనికన్నా బండిని మూలన పెట్టడం మేలు.

మరో సంగతి. ఇత్తడిలోని జింకు 907 డిగ్రీల దగ్గర మరిగి తెల్లటి పొగ అవుతుంది. పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. రెండు కొసలూ మూసుకుపోయిన గొట్టాన్ని కాలిస్తే లోపలి తేమ ఆవిరై పేలవచ్చు. మనది కృష్ణా డెల్టా, తేమకు కొదవ లేదు. అందుకే ముందుగా చిన్న రంధ్రం చేసి ఉంచుతారు.

అతుకు చల్లబడేదాకా నీళ్లు పోయరు. కమ్మరి ఉలికి పదును పెట్టేటప్పుడు నీళ్లలో ముంచుతాడు గాని, ఫ్రేముకు గట్టిదనంకన్నా సాగే గుణం ముఖ్యం. హఠాత్తుగా చల్లార్చితే గొట్టం వంకర తిరిగే భయమూ ఉంది. ఆ తరువాత చక్రాలు బిగించి, వెనుక చక్రం పక్కనుంచి ముందు చక్రందాకా రెండు వైపులా దారాలు లాగి కొలుస్తారు. రెండు పక్కలా ఎడం సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్లు. కాకపోతే మళ్లీ మంట వెలిగించాల్సిందే. చివరగా మళ్లీ కిరసనాయిలూ, సుద్దపొడీ. గీత కనిపించకపోతేనే రంగు డబ్బా మూత తీస్తారు.