నిలువు పైరు, అడ్డపు బొమ్మ

తొలకరి తడిసిన ఏర్గట్ల చేలలో జూన్ మాసమున నాటిన పసుపు, సంక్రాంతి గడచిన పిదప త్రవ్వకమునకు వచ్చువరకును, అనుదినము గట్టుమీద నిలిచి చూచు రైతు కంటికి సైతము ఎదిగినట్లు తోచునే గాని ఎదుగుచున్నట్లు కానరాదు. కానరాని ఆ చలనమును కన్నులకు గట్టించు విద్యయే టైమ్‌ల్యాప్స్ ఛాయాగ్రహణము. కదలనీయక నిలిపిన కెమెరాతో పగటివేళ గంటకొకటిగా పదేసి ఫొటోలు తొమ్మిది నెలలు తీసినచో సుమారు 2,700 బొమ్మలగును. వానిని సెకనుకు 25 చొప్పున నడిపించినచో పంట చరిత్రమంతయు 108 సెకన్లలో ముగియును. 'రాజా హరిశ్చంద్ర' తీయుటకు ముందే దాదాసాహెబ్ ఫాల్కే కుండలోని బఠాణీ గింజ మొలచి పెరుగుటను ఈ రీతినే చిత్రించి, పెట్టుబడి పెట్టువారికి తన విద్యపై నమ్మకము కలిగించెను. ఆనాటి ఫిల్ము చట్రము అడ్డముగనే యుండెడిది. మొక్క ఎంత పైకి ప్రాకినను ఆ చట్రములోనే ఇముడవలసినదే.

పోచంపాడు ఆనకట్టపై 42 గేట్లు బారులు తీరిన దృశ్యమునకు అడ్డపు చట్రమే అందము. బోధన్ వైపు చెరకునకును, ఆర్మూరు ప్రాంతపు ఎర్రజొన్నకును అట్లు కాదు. నిలువెత్తు పైరును నిలువుగనే చూడవలెను. 6000 × 4000 బిందువుల కెమెరాతో అడ్డముగా తీసి, ఫోను తెరకు సరిపడునట్లు నిలువు ముక్కను కోసినచో 2250 × 4000 మాత్రమే మిగులును. కెమెరానే ప్రక్కకు త్రిప్పి తీసినచో 3375 × 6000 దక్కును. రెండింతలకు మించిన ఈ లాభమును విడుచుట అవివేకము.

చిక్కంతయు ఇచ్చటనే పుట్టుచున్నది. కెమెరాను మనము త్రిప్పినను, సాధారణముగా అది సెన్సారుపై పడిన బొమ్మను ఎప్పటివలెనే అడ్డముగా భద్రపరచి, ఏ వైపు పైకి రావలెనో తెలుపు ఒక అంకెను మాత్రము ఫైలులో వ్రాసిపెట్టును. 1995లో జపానున రూపొందిన ఎగ్జిఫ్ పద్ధతిలో ఆ అంకె 1 మొదలు 8 వరకు ఉండవచ్చును: 1 అనగా ఉన్నది ఉన్నట్లే చూపుమని, 6 అనగా కుడివైపునకు పాదమలుపు త్రిప్పుమని, 8 అనగా ఎడమవైపునకని, 3 అనగా తలక్రిందులు చేయుమని. గాజుసామాను పెట్టెపై 'ఈ వైపు పైకి' అని వ్రాసిన వ్రాత వంటిది అది. చదివిన హమాలీ నిలువుగా దించును, చదువనివాడు పడవేయును. ఫొటోలు చూపు సాఫ్ట్‌వేర్ దానిని చదువును గనుక బొమ్మ నిజముగనే నిలువుగా ఉన్నదని మనము భ్రమపడుదుము. ఫొటోలను కూర్చి వీడియో చేయు సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని చదువవు గనుక, అవి ఇచ్చు చిత్రమున చెరకుతోట యావత్తు ప్రక్కకు ఒరిగియుండును.

అంతకంటె విడ్డూరమైనది మరియొకటి కలదు. కెమెరా ఏ వైపునకు తిరిగినదో గురుత్వాకర్షణనుబట్టి గుర్తించును. మొలకకై నేలవైపు బాగుగా వంచి పెట్టినప్పుడు దానికి దిక్కు తెలియక, ఒక ఫొటోకు 6, మరుసటిదానికి 1 వ్రాయవచ్చును. ప్రతి బొమ్మను విడివిడిగా నమ్మిన సాఫ్ట్‌వేర్‌లో, నిలిచిన మొక్క సెకనులో ఇరువదియైదవ వంతు సేపు నేలకొరిగి మరల లేచును. కావున వరుస మొత్తమునకు ఒకే దిశను నిర్ణయించు సాఫ్ట్‌వేరే మేలని నా అభిప్రాయము. తీయువారు మొదటనే కెమెరాలో తనంతట తానే త్రిప్పుకొను ఏర్పాటును ఆపివేయుట ఇంకను మేలు.

తీసిన పిమ్మట చేయదగినది, కూర్పునకు ముందే బిందువులను నిజముగా త్రిప్పి, అంకెను 1గా మార్చుట. మార్చుట మరచినచో త్రిప్పిన బొమ్మను వేరొక సాఫ్ట్‌వేర్ మరల త్రిప్పును. జేపెగ్ బొమ్మలు 8 లేక 16 బిందువుల గడులుగా కట్టబడును గనుక, 16చే నిశ్శేషముగా భాగింపబడు 6000, 4000 కొలతలుగల ఫొటోను, అందుకు తగిన సాధనముతో, రవ్వంతయైనను నాణ్యత చెడకుండ త్రిప్పవచ్చును.

ఇంత చేసినను, ఇంటి టీవీలో చూచినచో ఇరుప్రక్కల నలుపే ఎక్కువ. 1920 × 1080 తెరపై నిలువు చిత్రమునకు దక్కు వెడల్పు 607.5 బిందువులు, వాడుకలోనున్న వీడియో పద్ధతులు సరిసంఖ్యనే కోరును గనుక, దానిని 608గా సరిపెట్టవలెను.