కలవరమా, కల వరమా?

నాగోల్‌లో ఎవరినడిగినా మ్యుటేషన్ అంటే ఫ్లాటు కొన్నాక మున్సిపల్ రికార్డుల్లో పేరు మార్పించుకోవడమే. అదే మాట ఊపిరితిత్తుల బయాప్సీ రిపోర్టులో కనబడితే గుండె గుభేలుమంటుంది. ‘ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్, ఎక్సాన్ 19’ అని ఉంటుంది. ఎక్సాన్ అంటే ఏమిటో విడమరిచి చెప్పే తీరిక ఓపీలో ఎవరికి?

జన్యువులో పనికొచ్చే రాత ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలే ఎక్సాన్లు. కణం ముందు మొత్తానికీ ఆర్‌ఎన్‌ఏ నకలు తీసి, మధ్యలోని అదనపు రాతను కత్తిరించి, ఎక్సాన్లను అతుకుతుంది. 1977లో ఈ సంగతి బయటపెట్టిన రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ వచ్చింది. ఏ ఎక్సాన్ ఉండాలో, ఏది పోవాలో తేల్చడంలో ఆర్‌ఎన్‌ఏను అంటిపెట్టుకునే ప్రొటీన్లదే పెద్ద చెయ్యి. మన పదచ్ఛేదం లాంటిదే. ‘కలవరం’ను విడదీస్తే ‘కల వరం’. అక్షరాలు అవే, అర్థం వేరు.

అలాంటి ప్రొటీన్ ఆర్‌బీఎం10. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కనుక అది చెడితే బదులు ప్రతి లేదు. 2012లో 183 మంది ఊపిరితిత్తుల్లోని అడినోకార్సినోమా రకం క్యాన్సర్ కణితులను చదివితే, దాదాపు 7 శాతంలో ఈ జన్యువు దెబ్బతిని ఉంది.

నంబ్ అనే మరో జన్యువు నకలులో తొమ్మిదో ఎక్సాన్‌ను వదిలేయించడం ఆర్‌బీఎం10 పని. అది లేకపోతే ఆ ముక్క లోపలే ఉండిపోతుంది. అలా తయారైన నంబ్ ప్రొటీన్, కణాల్ని పెరగమని తొందరపెట్టే నాచ్ సంకేతాన్ని సరిగా అదుపు చేయలేదు. నంబ్ జన్యువులో మాత్రం ఒక్క అక్షరమూ తప్పు పోలేదు. అక్కడ ఎంత వెతికినా దొంగ దొరకడు!

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచేది బీసీఎల్-ఎక్స్. కత్తిరింపును బట్టి ఒకే జన్యువు నుంచి రెండు ప్రొటీన్లు: పొడుగుది కణాన్ని బతికిస్తుంది, పొట్టిది చంపుతుంది. కణితిని పెంచే ఈజీఎఫ్‌ఆర్ ప్రొటీన్‌ను అడ్డుకునే మాత్రలు కణితి కణాల్ని చంపాలంటే పొట్టిదాని సాయం కావాలి. ఆర్‌బీఎం10 పోతే తక్కెడ పొడుగుదాని వైపు మొగ్గి, మందు పట్టు సడలుతుందని 2022లో వచ్చిన పరిశోధన చూపింది.

కత్తిరింపు తప్పును నేరుగా చూడాలంటే ఆర్‌ఎన్‌ఏనే చదవాలి. కానీ ఫార్మలిన్‌లో నాని, మైనపు దిమ్మలో చేరిన బయాప్సీ ముక్కలో ఆర్‌ఎన్‌ఏ చాలావరకు తునాతునకలై ఉంటుంది.