శనగకు ఉచిత చలి, మిర్చికి అద్దె చలి

గుంటూరు: పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ప్రాంతంలో చలికాలం చిన్నది. కార్తీకంలో మొదలై శివరాత్రికి వెళ్లిపోతుంది. ఆ కొద్దిపాటి చలిని రైతులు వాడుకునే తీరును బట్టే ఏడాదంతా మార్కెట్ నడక వుంటున్నది.

చలిని పూర్తిగా ఉచితంగా వాడుకునే పంట శనగ. అక్టోబర్, నవంబర్ నెలల్లో వానలు వెలిశాక రేగడిలో మిగిలిన పదునులో విత్తనం పడుతుంది. ఆ తర్వాత నీటి తడి లేకున్నా భూమిలోని తేమతో, రాత్రి చల్లదనంతో పైరు గట్టెక్కుతుంది. ఫిబ్రవరిలో ఎండ ముదిరిందా, పూత, పిందె నిలవవు. అందువల్లనే వంద రోజుల్లో కోతకు వచ్చే జె.జి.11 రకం ఇక్కడ పాతుకుపోయింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన ఈ రకం 1999లో విడుదలైంది. ఎండు తెగులును కూడా తట్టుకోవడంతో అంతకు ముందు పొగాకు, పత్తి వేసిన చేలు ఎన్నో శనగకు మారాయి.

పత్తికి మాత్రం మంచు చేటు. తెల్లవారుజామున తీసిన పత్తిలో తేమ మిగిలిపోతుంది. తేమ 8 శాతం దాటితే సి.సి.ఐ. ధరలో కోత పడుతుంది, 12 దాటితే కొనుగోలే వుండదు. మంచు ఆరాకనే కూలీలను చేలో దించడం అనుభవజ్ఞుల పద్ధతి.

అసలు పెట్టుబడి చిక్కుకునేది మిర్చిలో. కోతలకు కర్నూలు వైపు నుంచి కూడా వలస కూలీలు వస్తారు. కళ్లాల్లో పగలు ఎండబెట్టిన కాయకు రాత్రి పట్టలు కప్పకపోతే మంచు తగిలి రంగు చెడుతుంది, బూజు పడుతుంది. ఎండిన కాయనైనా వేసవిలో మామూలు గోదాములో వుంచితే ఎరుపు తగ్గుతుంది. కనుక చలికాలం వెళ్లాక రైతు చలిని అద్దెకు తెచ్చుకోవలసి వస్తున్నది. యార్డులో 'ఏసీ సరుకు' అని పిలిచేది ఈ కోల్డ్ స్టోరేజీ కాయనే. నిల్వ బాండు మీద బ్యాంకు అప్పు కూడా పుడుతుంది. అయితే కోల్డ్ స్టోరేజీ కాయను ఆరబెట్టదు. పచ్చిగా లోపలికి వెళ్లిన టిక్కీ బయటికి వచ్చేనాటికి పనికిరాకుండా పోవచ్చు.

ధర సంగతి మరీ చిక్కు. 2021-22లో నల్ల తామర పురుగు పంటను దెబ్బతీసినప్పుడు ఏసీ సరుకు పట్టుకున్నవారు లాభపడ్డారు. 2024 నిల్వలు మిగిలివుండగానే కొత్త పంట దిగడంతో 2025 ఆరంభంలో ధరలు పడిపోయాయి. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. సరుకు ఆపుకున్న రైతుకు ధర తగ్గింది చాలక అద్దె, వడ్డీ కూడా మీద పడ్డాయి.

డిసెంబర్ చివరికి కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని టిక్కీలు మిగిలాయో వాకబు చేయకుండా కొత్త కాయ బేరానికి దిగే పాత వ్యాపారి గుంటూరులో అరుదు.