వణుకు జబ్బును కంప్యూటరు కనిపెడుతుందా?



మూడు నెలల క్రితం ఒక తండ్రి, ఆయన కూతురు మా ఓ.పి.కి వచ్చారు. తండ్రికి అరవై ఆరేళ్లు. కూతురి చేతిలో ఎం.ఆర్.ఐ. ఫిల్ముల కవరు ఉంది. "సిస్టరమ్మా, నాన్నకు మెదడు స్కాన్ తీయించాం. అంతా నార్మల్ అని రాశారు. కానీ చొక్కా గుండీలు పెట్టుకోవడానికే ఆయనకు పావుగంట పడుతోంది. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. స్కాన్ బాగుంది కదా, ఇదంతా బద్ధకమేనని ఇంట్లో అందరం కోప్పడ్డాం. ఇప్పుడేమో అమెరికాలో ఉన్న తమ్ముడు ఫోన్ చేశాడు. కంప్యూటరే స్కాన్ చూసి పార్కిన్సన్స్ జబ్బు ఉందో లేదో చెప్పేస్తుందట, అది ఎక్కడ తీస్తారో కనుక్కోమంటున్నాడు" అన్నది.

తండ్రి మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఒడిలో ఊరికే పెట్టుకున్న ఆయన ఎడమ చేతిని మేము గమనించాము. బొటనవేలు, చూపుడువేలు కలిసి ఏదో మాత్రను నలుపుతున్నట్టు కదులుతున్నాయి.

ఈ కంప్యూటరు స్కాన్ గురించి ఇంకా కొందరు కూడా మమ్మల్ని అడిగారు గనుక, మాకు తెలిసినంతవరకు సులువైన మాటల్లో వివరిస్తున్నాము.

ఈ జబ్బు ఎందుకు వస్తుంది?

1817లో లండనులో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు ఈ జబ్బును మొదటిసారి వివరంగా వ్రాశారు. ఆయన పేరే దీనికి వచ్చింది. మన మెదడు అడుగుభాగంలో నల్లగా కనిపించే చిన్న ప్రదేశం ఒకటి ఉంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. చేయి ఎత్తడం, అడుగు వేయడం, ముద్ద కలుపుకోవడం వంటి పనులు సాఫీగా జరగడానికి ఈ డోపమిన్ కావాలి. పార్కిన్సన్స్ జబ్బులో ఆ కణాలు కొంచెం కొంచెంగా నశించిపోతాయి. వణుకు, నెమ్మదితనం పైకి కనబడే నాటికే ఆ కణాలలో పెద్ద భాగం పోయి ఉంటుంది. చాలామందిలో అరవై ఏళ్లు దాటిన తరువాత బయటపడుతుంది గాని, అంతకంటే చిన్నవారికి కూడా రావచ్చు.

మామూలు ఎం.ఆర్.ఐ.లో ఎందుకు కనిపించదు?

మామూలు ఎం.ఆర్.ఐ. మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. పక్షవాతం, గడ్డ, మెదడులో నీరు చేరడం వంటివి అందులో తెలుస్తాయి. పార్కిన్సన్స్ జబ్బులో పోయేవి చాలా చిన్న ప్రదేశంలోని కణాలు. ఆ మార్పు మామూలు ఫిల్ములో కంటికి ఆనదు. కావున ఎం.ఆర్.ఐ. నార్మల్ అని వచ్చినంత మాత్రాన పార్కిన్సన్స్ లేదని అర్థం కాదు. అలాంటి లక్షణాలే కలిగించే ఇతర కారణాలు కనబడలేదని మాత్రమే అర్థం. ఆ తండ్రి విషయంలో ఇంటివారు పొరబడింది ఇక్కడే.

డోపమిన్ కణాల సంగతి తెలుసుకోవడానికి వేరే స్కాను ఉంది. రక్తనాళంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, అది మెదడులో డోపమిన్ నరాల చివరల వద్ద ఎంత చేరిందో చూస్తారు. దీనిని డాట్ స్కాన్ అంటారు. అమెరికాలో దీనికి 2011లో అనుమతి లభించింది. మన దేశంలో ఇదే పనికి ట్రోడాట్ అనే స్కాన్ ఎక్కువగా వాడుతున్నారు. ఆరోగ్యవంతుల బొమ్మలో రెండు వైపులా కామా గుర్తు వంటి వెలుగు కనిపిస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవారిలో కామా తోక మాయమై చుక్క మాత్రమే మిగులుతుంది.

కంప్యూటరు చేసే పని ఏమిటి?

మన కన్ను బొమ్మను చూస్తుంది, కంప్యూటరు కొలుస్తుంది. డాట్ స్కానులో వెలుగు ఏ భాగంలో ఎంత ఉందో లెక్కకట్టి, అదే వయసు ఆరోగ్యవంతుల లెక్కలతో పోల్చి చూపే ప్రోగ్రాములు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి.

ఇప్పుడు ఎం.ఆర్.ఐ.కి కూడా అటువంటి పద్ధతి వచ్చింది. డిఫ్యూజన్ ఎం.ఆర్.ఐ. అనే ఒక రకం స్కాను మెదడులో నీటి కదలికను కొలుస్తుంది. కణాలు దట్టంగా ఉన్నచోట నీటికి కదిలే చోటు తక్కువ. కణాలు పోయినచోట నీరు స్వేచ్ఛగా కదులుతుంది. నిండిన గుడిలోనో చర్చిలోనో నడవడానికి, ఖాళీ హాలులో నడవడానికి ఎంత తేడా ఉంటుందో అంత తేడా అన్నమాట. ఈ నీటి లెక్కను కంప్యూటరు మెదడులోని అనేక భాగాలలో తీసుకుంటుంది. జబ్బు ఏదో ముందే తెలిసిన రోగుల స్కానులు ఎన్నో చూపించి దానికి నేర్పుతారు. ఆ తరువాత కొత్త రోగి స్కాను ఏ గుంపుకు దగ్గరగా ఉందో అది చెబుతుంది.

అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు ముందుండి నడిపిన ఇటువంటి పరిశీలన ఫలితాలు 2025లో వెలువడ్డాయి. అమెరికా, కెనడాలలోని 21 కేంద్రాలలో 249 మంది రోగులకు స్కాన్ తీశారు. చనిపోయిన తరువాత మెదడును పరీక్షించడానికి వీలైన 49 మందిలో, కంప్యూటరు చెప్పిన జబ్బు 46 మందిలో సరిపోయింది. ఇది మంచి ఫలితమే. ఆ తమ్ముడు చెప్పిన మాటలో నిజం ఉంది.

అయితే ఆ కంప్యూటరుకు వేసిన ప్రశ్న ఏమిటో గమనించండి. "ఈ మనిషికి జబ్బు ఉందా, లేదా?" అని కాదు. ఆ 249 మందీ లక్షణాలు ఉన్నవారే. "ఇది పార్కిన్సన్స్ జబ్బా, లేక దానిలాగే కనిపించే మరో రెండు జబ్బులలో ఒకటా?" అన్నది ప్రశ్న. ఆ రెండింటిలో ఒకదానిలో రోగి మొదటి నుంచే తూలి పడిపోతుంటాడు, కిందికి చూడడం కష్టమవుతుంది. రెండవదానిలో లేచి నిలబడగానే బి.పి. పడిపోతుంది, మూత్రం ఇబ్బంది త్వరగా వస్తుంది. రెండింటికీ పార్కిన్సన్స్ మాత్రలు అంతగా పనిచేయవు. డాట్ స్కాను కూడా ఈ మూడింటినీ విడదీసి చెప్పలేదు. మొదటి సంవత్సరాలలో పెద్ద డాక్టర్లు కూడా తడబడే చోటు ఇది. ముందుగా తెలిస్తే మా నర్సింగు పని కూడా మారుతుంది. ఎవరిని పడకుండా కాపాడాలి, ఎవరికి మింగేటప్పుడు పక్కన ఉండాలి, ఎవరిని మంచం మీది నుంచి నిదానంగా లేపాలి అనేది తెలుస్తుంది.

ఎంతవరకు నమ్మవచ్చు?

నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కరెక్టు అని వార్తలలో చదివినప్పుడు కొంచెం ఆగి ఆలోచించండి. ఒక మనిషి స్కానులో పదుల కొద్దీ పొరల బొమ్మలు ఉంటాయి. అందులో కొన్నింటితో నేర్పి, అదే మనిషి మిగిలిన బొమ్మలతో పరీక్ష పెడితే, కంప్యూటరు జబ్బును గుర్తుపట్టదు, ఆ మనిషినే గుర్తుపడుతుంది. ప్రశ్నాపత్రం ముందే చూసిన పిల్లవాడికి మంచి మార్కులు వచ్చినట్టే ఇది. కొన్ని పరిశోధనలలో ఈ పొరపాటు జరిగిందని శాస్త్రవేత్తలే బయటపెట్టారు. అలాగే ఒక రకం మిషను మీద నేర్చుకున్న కంప్యూటరు వేరే మిషను బొమ్మల దగ్గర తడబడవచ్చు. ఫ్లోరిడా వారి పద్ధతికి కూడా 3 టెస్లా అనే శక్తివంతమైన మిషను కావాలి.

కావున ఏ లక్షణమూ లేనివారు భయంతో ఇటువంటి స్కానులకు డబ్బు పోయడం మంచిది కాదు. అప్పు చేసి అసలే వద్దు.

స్కానుకు ముందు డాక్టరు చేతి పరీక్ష

పార్కిన్సన్స్ జబ్బును ఈనాటికీ ముఖ్యంగా డాక్టరే చూసి నిర్ధారిస్తారు. వేళ్లు టకటకా తట్టమంటారు, పిడికిలి మూసి తెరవమంటారు, కీళ్లు వంచి బిగువు చూస్తారు, నడిపిస్తారు. పనులలో నెమ్మదితనం తప్పనిసరిగా ఉండాలి. దానితోపాటు ఊరికే ఉన్నప్పుడు వణుకు గాని, బిగువు గాని ఉండాలి. వణికే ప్రతి చేయీ పార్కిన్సన్స్ కాదు. గ్లాసు ఎత్తేటప్పుడు, సంతకం చేసేటప్పుడు మాత్రమే వణికితే అది చాలావరకు వేరే రకం వణుకు.

మరొక ముఖ్యమైన సంగతి మందుల సంచి. తల తిరుగుడుకు ఇచ్చే సిన్నారిజిన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లూనారిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు చాలాకాలం వాడితే అచ్చంగా పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే రావచ్చు. మా దగ్గరకు వచ్చిన ఒక పెద్దమ్మ పాత చీటీ చూపించి, తల తిరుగుడు మాత్రలు మందుల షాపులో కొనుక్కుని ఏడాదికి పైగా వాడారు. డాక్టరుగారు వాటిని మాన్పించాక కొన్ని నెలలలో ఆమె నడక తేలికపడింది. ఈ సంగతి ఏ స్కానూ చెప్పలేదు, ఆమె సంచి చెప్పింది. అయితే ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి. ముఖ్యంగా మానసిక వ్యాధుల మందులను డాక్టరును అడగకుండా ఆపితే ప్రమాదం.

మీరు చేయవలసినవి

1. వాడుతున్న మందులన్నీ, నాటు మందులు సహా, సంచిలో వేసి తీసుకురండి.

2. పెద్దవారు నడుస్తున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు ఫోనులో రెండు నిమిషాల వీడియో తీయండి. డాక్టరు ముందు కనిపించనిది ఇంట్లో కనిపిస్తుంది.

3. అయిదేళ్ల క్రిందటి సంతకం, ఇప్పటి సంతకం రెండూ తెండి. ఈ జబ్బులో అక్షరాలు చిన్నవైపోతాయి.

4. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేసి కాళ్లు చేతులు విసరడం ఎప్పటినుంచి ఉన్నాయో చెప్పండి. ఇవి వణుకుకు ఏళ్ల ముందే మొదలుకావచ్చు. అయితే ఇవి ఉన్నవారందరికీ ఈ జబ్బు వస్తుందని కాదు.

5. స్కాను చెబితే, "ఇది తీస్తే నా వైద్యంలో ఏమి మారుతుంది?" అని అడగండి. అడగడం తప్పు కాదు. గుండెకు పేస్‌మేకరు ఉంటే ఎం.ఆర్.ఐ. ముందు తప్పక చెప్పండి.

6. లీవోడోపా మాత్రలు మొదలుపెడితే గడియారం చూసి సమయానికి వేయండి. డాక్టరు వేరుగా చెప్పకపోతే భోజనానికి అరగంట ముందు మంచిది. మాంసం, పప్పు ఎక్కువగా ఉన్న భోజనంతో కలిపి వేస్తే కొందరిలో సరిగా పనిచేయదు. ఒక్కసారిగా ఎప్పుడూ ఆపకూడదు.

ఆ తండ్రికి కొత్త స్కాను ఏదీ అవసరం రాలేదు. డాక్టరుగారు అరగంట పరీక్షించి, మందుల సంచి చూసి, పార్కిన్సన్స్ అని చెప్పి మాత్రలు వ్రాశారు. రెండు నెలల తరువాత వచ్చినప్పుడు ఆయన చొక్కా గుండీలు తానే పెట్టుకుని వచ్చారు. జబ్బు పోలేదు, పోదు కూడా. కానీ కూతురు మాతో ఒక మాట అన్నది. "ఇప్పుడు ఇంట్లో ఎవరూ నాన్నను కోప్పడడం లేదు సిస్టరమ్మా."

మీ ఇంట్లో పెద్దవారు ఈ మధ్య నెమ్మదించారా? ముఖంలో నవ్వు తగ్గిందా? నడిచేటప్పుడు ఒక చేయి ఊగడం లేదా? బద్ధకమని అనకండి. ఒకసారి డాక్టరు దగ్గరకు తీసుకురండి.